మా మల్లి చాక్లెట్ తిన్న రాత్రి: నా అనుభవం

కుక్క చాక్లెట్ తిన్న తర్వాత మొదటి గంటలో చూస్తే దానికి ఏమీ అయినట్టుండదు. తోక ఆడిస్తుంది, మూతి నాక్కుంటుంది, ఇంకా ఏమైనా ఉందా అన్నట్టు మన చేతుల వైపు చూస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళు "బాగానే ఉంది కదా, ఎందుకంత టెన్షన్" అంటారు. ఇది రాయాలనిపించింది అందుకే. వైద్యం బాగా పనిచేసేది ఆ గంటలోనే. ఒళ్ళు వణకడం, గుండె దడదడలాడటం మొదలయ్యాక వెళ్తే కడుపులో ఉన్నదాన్ని బయటికి తీయించే అవకాశం దాదాపుగా పోతుంది. ఇక మిగిలేది లక్షణాలకు మందులు వేస్తూ కాచుకుని కూర్చోవడమే. కుక్కకు చాక్లెట్ విషం, ఆ విషానికి విరుగుడు మందు లేదు.

మేం తిరుపతిలో కొర్లగుంటలో ఉంటాం. మల్లి నాటు కుక్క. తెల్లటి ఒంటి మీద గోధుమరంగు మచ్చలు, ఒక చెవి నిలబడి, ఇంకొకటి వాలి ఉంటుంది. టీకాల పుస్తకంలో చివరిగా రాసిన బరువు 12 కిలోలు. ఆ అంకె ఆ రాత్రి చాలా పనికొచ్చింది.

మా మేడ మీద అద్దెకుండే అమ్మాయి ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. సామానంతా ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటుంది. ఆ సాయంత్రం డెలివరీ అబ్బాయి బెల్ కొట్టకుండా పార్సిల్‌ను గేటు మీదుగా లోపలికి జారవిడిచి వెళ్ళాడు. నేను దేవుడి దగ్గర దీపం పెట్టి బయటికి వచ్చేసరికి మెట్ల కింద అట్టపెట్టె చీలికలు, వెండిరంగు కాగితం తునకలు, వాటి మధ్య మల్లి. పెట్టెలో కేకులకు వాడే డార్క్ చాక్లెట్ పలక ఒకటి, కోకో పౌడర్ ప్యాకెట్ ఒకటి. ప్యాకెట్ మీద పంటిగాట్లు పడ్డాయి కానీ అది చిరగలేదు. పలకలో మాత్రం ఒక పక్కంతా లేదు.

నేను కేకేస్తే ఆ అమ్మాయి పరుగున దిగివచ్చింది. నాకు చేతులు ఆడటం లేదు. ఆమె మాత్రం ఒక్క నిమిషం నిలబడి చూసి, "ఆంటీ, ఎంత తినిందో ముందు చూద్దాం" అని పైకి వెళ్ళి కేకులకు పిండి తూచే డిజిటల్ కాటా తెచ్చింది. పలక 500 గ్రాములది. మిగిలిన ముక్కను, నేల మీద రాలిన పలుకులను ఏరి కాటా మీద పెడితే 390 వచ్చింది. అంటే దాని కడుపులోకి పోయింది 110 గ్రాములు. తర్వాత తన ఫోన్ తీసి డెలివరీ అయినట్టు వచ్చిన మెసేజ్ చూపించింది. 6 గంటల 10 నిమిషాలు. అప్పుడు టైము 6:40. తిని ఎక్కువలో ఎక్కువ అరగంట. ఈ కాలం పిల్లలకు ఎంత సమయస్ఫూర్తో అని నేను అందరితోనూ చెప్తూనే ఉన్నాను, ఇక్కడా చెప్తున్నాను.

మా ఆయన ఊళ్ళో లేరు, చిత్తూరులో వాళ్ళ అన్న ఇంటికి వెళ్ళారు. ముందు దగ్గర్లో ఉన్న ఒక క్లినిక్‌కి ఫోన్ చేశాను. ఎత్తిన మనిషి "ఇప్పుడు బాగుందా? అయితే రాత్రికి చూడండి, వాంతులైతే పొద్దున తీసుకురండి" అని పెట్టేశాడు. ఆయన డాక్టరో కాదో కూడా నాకు తెలియదు. మనసు ఒప్పలేదు. మల్లికి టీకాలు వేసే డాక్టర్ గారికి చేశాను.

ఆయన వరసగా అడిగిన ప్రశ్నలు నాకు ఇప్పటికీ గుర్తే. ఏ రకం చాక్లెట్? ఎంత? కుక్క బరువెంత? తిని ఎంతసేపయింది? కాగితం కూడా మింగిందా? ఇంకేమైనా కలిసి ఉందా, ఎండు ద్రాక్షలాంటివి? ఇప్పుడు ఎలా ఉంది అన్నది అన్నిటికంటే చివర అడిగారు. నేను మొదట చెప్పాలని తొందరపడింది అదే. "బాగానే ఉంది సార్" అంటే, "ఉంటుందమ్మా, దాన్ని బట్టి మనం ఏమీ నిర్ణయించుకోలేం. చాక్లెట్ కాగితం, మిగిలిన ముక్క పట్టుకుని వెంటనే వచ్చేయండి. దారిలో ఏమీ తాపించొద్దు" అన్నారు.

ఆ చివరి మాట ఎందుకన్నారో నాకు ఐదు నిమిషాల్లోనే అర్థమైంది. గొడవ విని ఎదురింటి పెద్దామె వచ్చేసింది. "రెండు గ్లాసులు ఉప్పునీళ్ళు తాపించు మే, అదే కక్కేస్తాది" అంది. ఇంకొకరు పాలు పట్టమన్నారు, విషానికి పాలు విరుగుడని. వెనకింటాయన గొంతులో వేలు పెట్టమన్నారు. "మా కుక్క రోజూ చాక్లెట్ తింటాదమ్మా, ఏం గాదు" అన్నవాళ్ళూ ఉన్నారు. అందరూ మంచి మనసుతోనే చెప్పారు. ఎదురింటామె అయితే మేం తిరిగొచ్చేదాకా మా గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చుంది. కానీ ఆ సలహాల్లో ఒక్కటీ పాటించదగినది కాదు, ఎందుకో నాకు తర్వాత డాక్టర్ గారు వివరంగా చెప్పారు కాబట్టి ఇక్కడే రాస్తాను.

ఉప్పునీళ్ళు కుక్కకు చాలా ప్రమాదం. వాంతి అయినా కాకపోయినా రక్తంలో సోడియం ఒక్కసారిగా పెరుగుతుంది, దానివల్లే ఫిట్స్ రావచ్చు. ఒక విషానికి రెండో విషం తోడవుతుంది. గొంతులో వేలు పెడితే వాంతి కాకపోగా గొంతు గీరుకుపోతుంది, మనకు కాటు పడుతుంది. పాలు చాక్లెట్‌లోని విషాన్ని పట్టి ఉంచవు. పైగా ఎదిగిన కుక్కల్లో చాలావాటికి పాలు అరగక విరేచనాలు పట్టుకుంటాయి.

ఇంకొకటి ఉంది. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఫోన్‌లో వెతికి "అమ్మా, హైడ్రోజన్ పెరాక్సైడ్ తాపితే వాంతవుతుందంట" అన్నాడు. నిజమే, విదేశాల్లో డాక్టర్లు ఫోన్‌లో చెప్పి ఇంట్లో అది పట్టించే పద్ధతి ఉంది. అయితే అక్కడ వాడమనేది 3 శాతం ద్రావణం. మన మందుల షాపుల్లో మామూలుగా దొరికే సీసా 6 శాతానిది. ఆ తేడా తెలియకుండా పట్టిస్తే కడుపు, గొంతు లోపలంతా పుండ్లు పడతాయి. సరైన శాతానిదైనా కొన్ని కుక్కలకు కడుపులో రక్తం కారేంత మంట పుట్టించగలదు. ఆ మందును డాక్టర్ కుక్క బరువు చూసి, కొలత చెప్పి, పట్టించమంటేనే పట్టించాలి. మల్లికి నేను పట్టించలేదు.

ఆటో దొరకడమే కొంచెం కష్టమైంది. లీలామహల్ సర్కిల్ వైపు నుంచి వచ్చే ఆటోలన్నీ యాత్రికులతో, సూట్‌కేసులతో నిండి ఉన్నాయి. ఒకతను ఆపి, మల్లిని చూసి వెనకాడాడు. "కరస్తాదా మేడమ్?" అన్నాడు. "కరవదు నాయనా, విషం తినింది, తొందరగా పోవాలి" అన్నాను. ఇంకో మాట మాట్లాడకుండా ఎక్కించుకున్నాడు. క్లినిక్ దగ్గర దిగాక నేను పర్సు వెతుక్కుంటుంటే "ముందు లోపలికి పోండి" అన్నాడు. డబ్బులు మేడపై అమ్మాయి తర్వాత తెచ్చి ఇచ్చింది.

లోపలికి వెళ్ళగానే బరువు చూశారు, 12 కిలోలకు కొంచెం అటూఇటూ. టెంపరేచర్, గుండె వేగం రాసుకున్నారు. డాక్టర్ గారు కాగితం మీద కోకో శాతం చూసి పక్కనున్న చీటీ మీద లెక్క వేశారు. ఆ లెక్క నేను అడిగి నేర్చుకున్నాను. కుక్క ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇది తెలిసి ఉండాలని నా అభిప్రాయం.

చాక్లెట్‌లో కుక్కకు పడనిది థియోబ్రోమిన్ అనే పదార్థం. దానికి తోడు కొంత కెఫీన్ కూడా ఉంటుంది. మన ఒంట్లో థియోబ్రోమిన్ కుక్క ఒంట్లో కంటే చాలా తొందరగా విరిగి బయటికి పోతుంది. కుక్క ఒంట్లో అది సగానికి తగ్గడానికే సుమారు 17 గంటలకు పైగా పడుతుంది. అందుకే లక్షణాలు నెమ్మదిగా, సాధారణంగా 6 నుంచి 12 గంటల మధ్య బయటపడతాయి, ఒక్కోసారి మూడు రోజుల దాకా వదలవు. వాంతులు, విరేచనాలు, విపరీతమైన దాహం, ఒకచోట నిలవలేకపోవడం, మాటిమాటికీ మూత్రం, ఆ తర్వాత గుండె వేగం, వణుకు, జ్వరంలా ఒళ్ళు కాలిపోవడం, ముదిరితే ఫిట్స్.

కుక్క బరువులో కిలోకు 20 మిల్లీగ్రాముల థియోబ్రోమిన్ చేరితే వాంతులు, అలజడి మొదలవుతాయి. 40 నుంచి 50 దాకా వెళ్తే గుండె మీద ప్రభావం. 60 దాటితే ఫిట్స్. డార్క్ చాక్లెట్‌లో గ్రాముకు సుమారు 5 మిల్లీగ్రాములు ఉంటుంది. మల్లి తిన్నది 110 గ్రాములు, అంటే 550 మిల్లీగ్రాములు. దాన్ని 12తో భాగిస్తే కిలోకు దాదాపు 46. ఆ చీటీ మీద డాక్టర్ గారు 46 చుట్టూ గీత గీసి, "గుండె దగ్గరికి వచ్చిందమ్మా, కానీ మీరు టైముకు వచ్చారు" అన్నారు.

పంటిగాట్లు పడిన కోకో పౌడర్ ప్యాకెట్ తిప్పితిప్పి చూశారు. ఎక్కడైనా కారిందా, పొడి నాకిందా అని. ఆ పొడిలో గ్రాముకు 20 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది. మల్లి అంత కుక్క 40 గ్రాములు, అంటే ఓ ఆరు టేబుల్ స్పూన్ల పొడి తిన్నా ఫిట్స్ దాకా పోయేదే. ప్యాకెట్ లోపలి కవరు గట్టిది కావడం మా అదృష్టం.

వాంతి కోసం మందు ఇచ్చారు. కొద్ది నిమిషాలు ఏమీ లేదు. మల్లి టేబుల్ మీద నా మోచేతికి ఆనుకుని నిలబడింది. తర్వాత పెదాలు నాక్కోవడం మొదలుపెట్టింది, నోటినిండా లాలాజలం ఊరింది, కడుపు లోపలికి పీక్కుపోయింది, ఒక్కసారిగా ట్రేలోకి కక్కింది. గదంతా చాక్లెట్ వాసన. ముదురు గోధుమరంగు జిగురు ముద్ద, పూర్తిగా కరగని పలుకులు, మధ్యాహ్నం తిన్న అన్నం మెతుకులు. అసిస్టెంట్ అబ్బాయి చెంచాతో ఆ ముద్దను ఒక్కో పక్కకి జరుపుతూ వెండిరంగు కాగితం తునకలు వెతికి తీసి, మేం తెచ్చిన చిరిగిన కవరు పక్కన పెట్టి సరిచూశాడు. కాగితం పేగుల్లో అడ్డం పడితే అదో పెద్ద సమస్య అట, ఆపరేషన్ దాకా పోవచ్చట. ఇంకో రెండుసార్లు కక్కింది. చివరిసారి నురగ తప్ప ఏమీ రాలేదు.

చాక్లెట్ కడుపులో కరిగి ముద్దగా అతుక్కుంటుంది కాబట్టి మిగతా విషాలతో పోలిస్తే ఇది కొంచెం ఎక్కువసేపే కడుపులో ఉండిపోతుందని చెప్పారు. రెండు గంటలు దాటిందని ఆశ వదులుకుని ఇంట్లోనే ఉండిపోవద్దు, ఆలస్యమైనా తీసుకురావాల్సిందే అన్నారు. అయితే అప్పటికే వణుకుతున్న కుక్కకు, తూలుతున్న కుక్కకు వాంతి చేయించరు. కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తొందరగా వెళ్ళడం ఎందుకు ముఖ్యమో ఇక్కడే తెలుస్తుంది.

తర్వాత వాంతి ఆగడానికి ఇంజక్షన్ వేసి, యాక్టివేటెడ్ చార్‌కోల్ ఇచ్చారు. మందుల బొగ్గు అది, పొయ్యిలో బొగ్గు కాదు. దాన్ని నీళ్ళలో కలిపి, కొంచెం తడి డాగ్ ఫుడ్ చేర్చి పెట్టారు. మల్లికి కడుపు ఖాళీ అయింది కాబట్టి అదే నాకేసింది. మూతి, పళ్ళు, ముందు కాళ్ళు, నా చీర కొంగు అన్నీ నలుపు. థియోబ్రోమిన్ రక్తంలో కలిశాక కూడా పిత్తరసంతో మళ్ళీ పేగుల్లోకి వచ్చి, మళ్ళీ రక్తంలోకి పోతుందట. ఆ తిరుగుడులో బొగ్గు దాన్ని పట్టి విరేచనంతో బయటికి పంపుతుంది. అందుకే ఇలాంటి కేసుల్లో ఒక్కోసారి మళ్ళీమళ్ళీ ఇస్తారు. మల్లికి ఇంటికి పంపే ముందు మరో మోతాదు ఇచ్చారు.

మల్లి ముందు కాలికి సూది గుచ్చి డ్రిప్ ఎక్కించారు, మూత్రం బాగా రావడానికి. ఇక్కడ నాకు బాగా ఆశ్చర్యమనిపించిన సంగతి ఒకటి ఉంది. మూత్రాశయంలోకి చేరిన థియోబ్రోమిన్ అక్కడే ఉండిపోతే ఆ సంచి గోడల్లోంచి మళ్ళీ రక్తంలోకి పీల్చుకుపోతుంది. కాబట్టి కుక్క మూత్రాన్ని ఆపుకోకూడదు. అసిస్టెంట్ అబ్బాయి డ్రిప్ సీసా ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో గొలుసు పట్టుకుని మల్లిని పదేపదే వెనక ఖాళీ స్థలానికి తీసుకెళ్ళాడు. విసుక్కోలేదు. వెళ్ళిన ప్రతిసారీ పోసిందా లేదా అని డాక్టర్ గారు అడిగారు.

ఇంత చేసినా దాని ప్రభావం కొంత కనబడింది. ఎనిమిదిన్నర ప్రాంతంలో గుండె వేగం నిమిషానికి 150 దాకా వెళ్ళింది. నోరు తెరిచి రొప్పడం, ఒకచోట పడుకోలేక లేచి గుండ్రంగా తిరగడం. నాకు కాళ్ళు వణికాయి. గుండె వేగం ఇంకా పెరిగితే దాన్ని తగ్గించే మందు, వణుకు వస్తే వేయడానికి డయాజెపామ్ పక్కన ట్రేలో పెట్టుకుని ఆయన పావుగంటకోసారి స్టెతస్కోప్ పెట్టి విన్నారు. వాటి అవసరం రాలేదు. నెమ్మదిగా 130కి, ఇంకాసేపటికి 120కి దిగింది. అప్పుడు మల్లి నా కాళ్ళ దగ్గర గడ్డం ఆనించి పడుకుంది.

రాత్రి పదకొండు దాటాక ఇంటికి పంపారు. పంపే ముందు నాడి చూడటం నేర్పించారు. కుక్క వెనక కాలు, తొడ లోపలి వైపు, పొట్టకు దగ్గరగా రెండు వేళ్ళు మెత్తగా ఆనిస్తే కొట్టుకోవడం తెలుస్తుంది. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. నాకు మొదట దొరకలేదు. ఆయన నా వేళ్ళు పట్టుకుని సరైన చోట పెట్టారు. చర్మం కింద సన్నటి తాడు ఎగిరెగిరి పడుతున్నట్టు తగిలింది. 160 దాటినా, కండరాలు అదురుతున్నా, తూలినా ఏ టైములో అయినా ఫోన్ చేయమన్నారు.

ఇంట్లో ముందుగదిలో లైటు ఆర్పేసి, ఫ్యాన్ వేసి, టీవీ కట్టేసి మల్లిని పడుకోబెట్టాం. చప్పుడు, వెలుతురు పడితే ఉద్రేకం పెరిగి వణుకు రావచ్చని చెప్పారు. ఆ రోజే పక్క వీధి కల్యాణమండపం నుంచి ఊరేగింపు బయలుదేరింది, బ్యాండు, టపాసులు. మేడపై అమ్మాయి వాళ్ళ దగ్గరికి వెళ్ళి విషయం చెప్తే పెళ్ళికొడుకు తరఫు పెద్దాయన మా వీధి మలుపు దాటేదాకా వాయిద్యం ఆపించారు. ఆ పెద్దాయనెవరో నాకు తెలియదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

నీళ్ళు గిన్నెనిండా పెట్టకుండా కొంచెం కొంచెంగా, కానీ అడిగినప్పుడల్లా ఇచ్చాను. ఒక్కసారిగా తాగితే మళ్ళీ కక్కుతుందని. రెండు గంటలకోసారి అలారం పెట్టుకుని మూత్రానికి బయటికి తీసుకెళ్ళాను, లేచినప్పుడల్లా నాడి చూసి పాత క్యాలెండర్ వెనకాల టైము, అంకె రాశాను. తెల్లారేసరికి ఆ అంకెలు 100 దగ్గర నిలబడ్డాయి. పొద్దున డాక్టర్ గారు ఆ కాగితం అడిగి తీసుకుని చూశారు. "బాగుంది" అని నోటితో చెప్పడం కంటే అలా రాసి ఉంచడం వాళ్ళకు ఎంతో ఉపయోగం.

విరేచనం తారులా నల్లగా వస్తే భయపడొద్దని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది. లేకపోతే నేను రక్తమనుకుని అల్లాడిపోయేదాన్ని. బొగ్గు బయటికి పోయేదాకా అలాగే ఉంటుంది.

చాక్లెట్ విషం దిగిపోయాక కూడా ఒక భయం మిగులుతుంది, అది చాలామందికి తెలియదు. చాక్లెట్‌లో కొవ్వు చాలా ఎక్కువ. ఒకేసారి అంత కొవ్వు తిన్న కుక్కకు ఒకటి నుంచి మూడు రోజుల్లో క్లోమగ్రంథి వాచే అవకాశం ఉంది. ముందు కాళ్ళు చాపి, నడుము పైకెత్తి, ప్రార్థన చేస్తున్నట్టు వంగడం కడుపునొప్పికి గుర్తు. దాంతోపాటు తిండి మానేయడం, మళ్ళీ వాంతులు. అలా ఏమైనా కనబడితే వెంటనే తీసుకురావాలి. అంతవరకు నూనె, నెయ్యి, పెరుగు మీది మీగడ ఏవీ లేకుండా మెత్తగా ఉడికిన అన్నంలో చర్మం తీసిన చికెన్ ఉప్పు లేకుండా ఉడికించి, నలిపి కొంచెం కొంచెంగా పెట్టమన్నారు. మల్లి మొదటి పూట మూతి తిప్పేసుకుంది, సాయంత్రానికి గిన్నె నాకింది. నడుము ఎత్తడం, వాంతులు ఏవీ రాలేదు. రక్త పరీక్షలో కూడా తేడా లేదన్నారు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, చాలామంది ఆగిపోయేది అక్కడే. డ్రిప్, ఇంజక్షన్లు, రక్త పరీక్ష అన్నీ కలిపితే వేలల్లో అవుతుంది. తిరుపతిలో పశువైద్య కళాశాల 1955 నుంచి ఉంది, ఇప్పుడది శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. అక్కడి ఆసుపత్రిలో పెంపుడు కుక్కలనూ చూస్తారు. పగటిపూట అయితే ఆ దారి ఉందని గుర్తుంచుకోండి. చుట్టుపక్కల పల్లెల్లో ఉండేవాళ్ళు సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేసి అడగవచ్చు. రాత్రిపూట ఎవరు ఫోన్ ఎత్తుతారో, ఎక్కడ డ్రిప్ పెట్టే వసతి ఉందో ఏమీ జరగని రోజునే కనుక్కుని పెట్టుకోవాలి. మా అబ్బాయి ఇప్పుడు బెంగళూరులో తన స్నేహితులందరి చేతా ఆ పని చేయిస్తున్నాడు.

మా వీధిలో కుక్కలున్నవాళ్ళు నన్ను తరచూ అడుగుతున్నది ఒకటుంది. పిల్లలు తింటూ ఒక ముక్క పడేస్తే కూడా ఆసుపత్రికి పరుగెత్తాలా అని. లెక్క వేసుకుంటే భయం తగ్గుతుంది. మామూలు మిల్క్ చాక్లెట్‌లో గ్రాముకు 2 మిల్లీగ్రాముల దగ్గర ఉంటుంది. 12 కిలోల కుక్క 10 గ్రాముల ముక్క తింటే కిలోకు 2 కూడా రాదు. కనిపెట్టుకుని ఉంటే సరిపోతుంది. అదే 3 కిలోల పామరేనియన్ 40 గ్రాముల మిల్క్ చాక్లెట్ తింటే కిలోకు 26 దాటుతుంది, దాన్ని తీసుకెళ్ళాల్సిందే. తెల్ల చాక్లెట్‌లో థియోబ్రోమిన్ లేనట్టే, కానీ కొవ్వు, చక్కెర ఎక్కువ. ముసలి కుక్కకు, గుండె జబ్బు ఉన్నదానికి, ఇంతకుముందు ఫిట్స్ వచ్చినదానికి ఈ లెక్కలు నమ్ముకోకుండా ఒక ఫోన్ చేయడం మంచిది. చాక్లెట్ కేకు, బ్రౌనీ, దీపావళికి వచ్చే చాక్లెట్ స్వీట్ల విషయంలో ఎంత కోకో పడిందో మనకు తెలియదు కాబట్టి ఫోన్ చేయడమే మేలు. ఎండు ద్రాక్ష కలిసిన చాక్లెట్ అయితే ఇంకా జాగ్రత్త, కిస్‌మిస్ కొన్ని కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తుంది, ఎన్ని తింటే ప్రమాదమో ముందుగా చెప్పడానికి లేదు.

షుగర్ ఉన్నవాళ్ళ ఇళ్ళలో షుగర్‌ఫ్రీ చాక్లెట్లు ఉంటాయి. వాటిలో కొన్నింటిలో జైలిటాల్ అనే తీపి వాడతారు. అది మనుషులు తినేదే, కుక్కకు మాత్రం చాక్లెట్ కంటే చాలా తొందరగా పనిచేసే విషం. గంటలోపే రక్తంలో షుగర్ పడిపోయి కుక్క సొమ్మసిల్లవచ్చు, తర్వాత లివర్ దెబ్బతినవచ్చు. కవరు వెనకాల పేరు రాయకుండా 967 అని అంకె మాత్రమే వేసిన ప్యాకెట్లూ ఉంటాయి. అలాంటి కవరు చిరిగి కనిపిస్తే బరువులు, గ్రాములు తూస్తూ ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. ఆటోలోంచే డాక్టర్‌కు ఫోన్ చేసి 967 అని చెప్పండి.